ఫైలుకు తెలుసు, ఊరికి తెలియదు

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం గోపాలపట్నం దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురం ప్రజలు నిద్రలోంచి లేచి, ఎటు పోవాలో తోచక పరుగులు తీశారు. ఎల్‌జీ పాలిమర్స్‌లోని ఎం6 ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ప్రహరీ దాటి వీధుల్లోకి వచ్చేసింది. హెచ్చరిక సైరన్ మోగలేదు. 12 మంది చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు.

ఇది అందరికీ గుర్తున్న సంగతే. దానికి ఏడాది ముందు జరిగినది మాత్రం చాలామంది మరిచిపోయారు. తాము తీస్తున్న ఉత్పత్తికి సరైన పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని 2019 మేలో ఆ కంపెనీయే అనుమతులిచ్చే రాష్ట్ర సాధికార సంస్థకు ప్రమాణపత్రం రాసిచ్చింది. ఎవరో ఆరోపణ చేయడం, అధికారులు తనిఖీ చేసి పట్టుకోవడం కాదు. అది కంపెనీ సొంత ఒప్పుకోలు. ఆ ఒప్పుకోలు ఫైల్లోకి వెళ్లింది. ఉత్పత్తి మాత్రం ఆగలేదు. ఫ్యాక్టరీ నడుపుకోవడానికి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సమ్మతి పత్రం, అంటే కన్సెంటు, ఎలాగూ ఉంది. ఒక ప్రభుత్వ కార్యాలయం ఇవ్వని అనుమతి లోటును మరో ప్రభుత్వ కార్యాలయం కాగితం కప్పేసింది. గోడ పక్కన కాపురం ఉన్నవాళ్లకు ఈ రెండింటిలో ఏదీ తెలియదు.

ప్రమాదం తర్వాత రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ 2020 జులైలో నివేదిక ఇచ్చింది. ట్యాంకును చల్లబరిచే వ్యవస్థను రాత్రిళ్లు ఆపేయడం, ఉష్ణోగ్రతను అడుగున మాత్రమే కొలవడం, స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా మారకుండా కలపాల్సిన రసాయనం నిల్వ లేకపోవడం అన్నీ అందులో బయటపడ్డాయి. మర్నాడే కంపెనీ అధికారుల అరెస్టులు జరిగాయి. కాలుష్య నియంత్రణ మండలి, ఫ్యాక్టరీల శాఖలకు చెందిన ముగ్గురు అధికారులను సస్పెండ్ చేశారు. చట్టబద్ధమైన అనుమతి లేకుండా ఫ్యాక్టరీని నడవనిచ్చిన వారిని గుర్తించి చర్య తీసుకోవాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా ఆదేశించింది.

శవాలు లేచాక ముగ్గురిని సస్పెండ్ చేయడాన్ని జవాబుదారీతనం అంటే ఎలా? అది శిక్ష, అదీ సగం శిక్ష. ప్రాణాలు పోకముందు, ప్రజలు అడిగినప్పుడు, కాగితం తీసి బల్ల మీద పెట్టడమే జవాబుదారీతనం. అలా అడిగే హక్కు మన చట్టాల్లో ఎప్పటి నుంచో ఉంది.

1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టంలోని 25వ సెక్షన్ చూడండి. ఏ పరిశ్రమకు ఏ షరతులతో కన్సెంటు ఇచ్చారో మండలి రిజిస్టరులో రాసి ఉంచాలి. ఆ కాలువ వల్ల, ఆ ఫ్యాక్టరీ వల్ల నష్టపోయే ఎవరైనా వెళ్లి దాన్ని చూడవచ్చు. అదే చట్టం 49వ సెక్షన్ ప్రకారం 60 రోజుల నోటీసు ఇచ్చి మామూలు పౌరుడు కూడా కోర్టులో ఫిర్యాదు వేయవచ్చు. అడిగితే మండలి తన దగ్గరున్న నివేదికలు ఇవ్వాలి. అయితే ‘ప్రజా ప్రయోజనాలకు విరుద్ధం’ అనిపిస్తే ఇవ్వనవసరం లేదట! తాగే నీళ్లలో ఏం కలుస్తోందో ప్రజలకు తెలియడం ఏ ప్రజల ప్రయోజనానికి విరుద్ధమో ఆ చట్టం రాసినవాళ్లే చెప్పాలి.

లోపల వాడే ప్రమాదకర రసాయనాలు, బయటికి వదిలే వ్యర్థాల వివరాలు ఫ్యాక్టరీ గేటు బయటే ప్రదర్శించాలని సుప్రీంకోర్టు 2003లో ఆదేశించింది. పారిశ్రామికవాడల్లో ఆ బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో రంగు వెలిసినవి ఉంటాయి, మొక్కల వెనక దాగినవి ఉంటాయి, గళ్లు నింపి ఏళ్లయినవీ ఉంటాయి. ఎక్కువ భాగం ఇంగ్లిషే. షిఫ్టు దిగి వచ్చే కార్మికుడు ఆ బోర్డు కింద ఆటో కోసం నిలబడతాడు. అందులో ఏముందో చదివి చెప్పేవారు ఉండరు. కాలుష్యాన్ని నిరంతరం కొలిచే యంత్రాల లెక్కలు ఆన్‌లైన్‌లో ప్రజలకు కనిపించాలని 2017లో అదే కోర్టు మళ్లీ చెప్పింది. ఒకే మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చిందంటేనే మొదటిసారి అమలు సంగతి తెలుస్తోంది.

మండలి కళ్లు మూసుకుంటే ఏమవుతుందో తెలియడానికి పటాన్‌చెరు చాలు. నక్కవాగు కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టుకెక్కిన వ్యాజ్యం హైకోర్టు మీదుగా హరిత ట్రిబ్యునల్ దాకా తిరిగింది. డాక్టర్ అల్లాణి కిషన్‌రావు లాంటివారు దశాబ్దాల పాటు దాన్ని మోశారు. అక్కడి మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో ప్రపంచానికి చెప్పింది స్వీడన్ పరిశోధకులు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. ‘శుద్ధి’ చేశాక మిగిలింది అది! యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి.

ఇప్పుడు గాలి ఇంకా ఎదురుగా వీస్తోంది. 2023 జన విశ్వాస్ చట్టం వాయు కాలుష్య, పర్యావరణ చట్టాల్లో చాలా ఉల్లంఘనలకు జైలు శిక్ష తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానాతో సరిపెట్టింది. ఆ జరిమానా తేల్చేది కోర్టు కాదు, ప్రభుత్వాధికారి. పని మొదలుపెట్టాక తీరిగ్గా అనుమతి తెచ్చుకునే పద్ధతిని సుప్రీంకోర్టు 2025 మేలో కొట్టేసింది. నవంబరులో 2-1 మెజారిటీతో ఆ తీర్పును తానే వెనక్కి తీసుకుంది. తప్పు ఒప్పుకుని నడుపుకోవడమే దారి అయితే, 2019 నాటి ఆ ప్రమాణపత్రం లాంటివి ఇంకెన్ని ఫైళ్లలో ఉన్నాయో!

సిబ్బంది లేరని మండళ్లు చెప్పే మాట అబద్ధం కాదు. దేశవ్యాప్తంగా మంజూరైన పోస్టుల్లో సగానికి దగ్గరగా ఖాళీలే. ఆ లోటును తీర్చగలిగేది చుట్టుపక్కల ఊళ్ల జనమే. రాత్రి రెండింటికి ఏ వాసన వస్తుందో, వానపడ్డ రోజు ఏ కాలువ రంగు మారుతుందో తనిఖీ జీపు కన్నా వాళ్లకే ముందు తెలుస్తుంది. కావలసింది వాళ్ల చేతిలో పోల్చి చూసుకోవడానికి ఒక కాగితం. ప్రజాభిప్రాయ సేకరణ రోజున షామియానా వేసి, బారికేడ్లు కట్టి, వందల పేజీల ఇంగ్లిష్ నివేదికకు కొద్ది పేజీల తెలుగు సారాంశం పంచితే ఆ పని జరగదు.

అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. రాజయ్యపేట మత్స్యకారులు దాన్ని వద్దంటూ ఆందోళనకు దిగారు. అదే జిల్లా అచ్యుతాపురంలో 2022లో విషవాయువు పీల్చి వందల మంది మహిళా కార్మికులు పడిపోయారు, 2024 ఆగస్టులో ఎసెన్షియా మందుల ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది పోయారు. మత్స్యకారుల భయం వట్టిది కాదు. ఆ పార్కులో ఏ కంపెనీకైనా మొదటి కన్సెంటు ఇచ్చేలోపే దాని షరతులు, తనిఖీ నివేదికలు, షోకాజ్ నోటీసులు, మూసివేత ఉత్తర్వులు, వాటిని ఎత్తేస్తే ఎత్తేసిన కారణాలు తెలుగులో, చుట్టుపక్కల ప్రతి గ్రామ సచివాలయంలో అందుబాటులో ఉండే ఏర్పాటు జరగాలి. ప్రతి కాగితం మీదా సంతకం చేసిన అధికారి పేరు ఉండాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 25వ సెక్షన్ చెప్పిన రిజిస్టరును జిల్లా కార్యాలయం బీరువాలోంచి ఊళ్లోకి తెస్తే చాలు.