డ్రమ్మర్‌కి వైరు చాలు

ఫెస్ట్ బడ్జెట్ రాగానే మన బ్యాండ్‌లో మొదటి మాట: "వైర్‌లెస్ ఇన్-ఇయర్ కొందాం!" నేనైతే వద్దంటాను. పాడేవాళ్లు స్టేజంతా తిరుగుతారు, వాళ్ల సంగతి వేరు. డ్రమ్మర్, కీబోర్డ్ వాయించేవాళ్లు కదలరు కదా, వాళ్లకి వైరు అడ్డమేంటి? మిక్సర్ ఆక్స్ అవుట్ నుంచి ఒక కేబుల్, పక్కన చిన్న హెడ్‌ఫోన్ యాంప్, అంతే. ఫ్రీక్వెన్సీ గొడవే ఉండదు.

మిగిలిన డబ్బు చెవిలో సరిగ్గా బిగిసే ఇయర్‌ఫోన్ల మీద పెడదాం. బయటి మోత ఎంత ఆగితే వాల్యూమ్ అంత తగ్గించుకోవచ్చు. అమెరికా సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ మోత రోజుకి 8 గంటలు వినొచ్చు. 100 అయితే 15 నిమిషాలే. మన రిహార్సల్ రెండు గంటలు!

పోయిన ఫెస్ట్ తర్వాత మా డ్రమ్మర్ చెవిలో రెండు రోజులు 'కీ...' మంటూనే ఉంది. ముందు వాడి చెవుల సంగతి చూద్దాం, వైర్‌లెస్ తర్వాత.