“కన్యాశుల్కం” చిత్రం: నటులకు దండం, చిత్రానికి కాదు

1955లో పి. పుల్లయ్య తీసిన “కన్యాశుల్కం” మీద ఒక్క మాట అంటే చాలు, “సావిత్రి వుంది గదా! గోవిందరాజుల వున్నాడు గదా!” అని మీదపడే మిత్రులున్నారు. వున్నారు, కాదనను. నా తగాదా అక్కడే.

లుబ్ధావధాన్లుగా గోవిందరాజుల సుబ్బారావును చూడండి. 1938 నాటి “మాలపిల్ల”లో సుందరరామశాస్త్రి ఈయనే. పిసినారిని నవ్వులపాలు చేసి వూరుకోలేదు. పిల్లను కొనుక్కోవడం తన హక్కనుకునే ముసలివాడి ఆశా, భయమూ రెండూ ఆ గొంతులో వణుకుతాయి. సి.ఎస్.ఆర్. 1939లో యిదే పుల్లయ్య చిత్రంలో వేంకటేశ్వరుడు. యిక్కడ కాగితాలతో కొంపలు ముంచే రామప్పంతులు. వీళ్లందరి వెలా సావిత్రి మధురవాణి వోరచూపుతోనే కట్టేస్తుంది.

మరి చిత్రం? గురజాడ నాటకంలో నాయకుడు లేడు. సినిమాకు కావలసివచ్చాడు. రామారావు గిరీశం మీద మనకు ముచ్చటే గాని రోత పుట్టదు. యిది నటుడి తప్పు కాదు, తార ముఖం చూపి టిక్కెట్లమ్మే వ్యాపారానిది. శ్రీశ్రీ పాట కమ్మనిదే, కాని నాటకం దాన్ని అడగలేదు. కంటతడికి “పూర్ణమ్మ”ను వేరే గేయంనుంచి యెరువు తెచ్చుకున్నారు!

1897 కూర్పు పీఠికలో గురజాడ విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల శుల్కవివాహాల లెక్క యిచ్చాడు: 1034. పెళ్లికూతుళ్లలో ముగ్గురికి వయసు యేడాది. ఆ లెక్క యీ చిత్రంలో యెక్కడ వినిపిస్తుంది?

మా తరగతిలో పిల్లలు చిత్రం చూసివచ్చి గిరీశాన్ని “హీరో” అన్నారు. లుబ్ధావధాన్ల గొంతు విన్నారా అని అడిగాను. మళ్లీ చూస్తామన్నారు.