గేట్లు కట్టేముందు కొల్లేరును అందరూ కలిసి చూడాలి

రాష్ట్ర జలవనరుల, అటవీ, మత్స్యశాఖల మంత్రులకు,

కొల్లేరు సరస్సు మాట ఎత్తితే చాలు, చర్చ కాంటూరు దగ్గర, అంటే సముద్రమట్టం నుంచి ఎత్తును బట్టి గీసే హద్దు దగ్గర, చిక్కుకుపోతోంది. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యమన్నారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2008లో మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. హద్దు మీద తగవు తెగదు. ఈలోగా నీటి సంగతి వెనకబడిపోతోంది.

ఉప్పుటేరునే తీసుకోండి. కొల్లేరు నీళ్లు సముద్రానికి పోయేది అటే. వేసవిలో సరస్సు మట్టం పడిపోతే ఉప్పునీరు ఎగదన్నేదీ అటే. దాన్ని ఆపడానికి రెగ్యులేటర్లు కావాలన్నది పాత డిమాండు, న్యాయమైనదే. అయితే వాటి గేట్లు ఎప్పుడూ మూసి ఉంచితే కుదరదు. నీలకంఠ రొయ్య పెరిగేది మంచినీళ్లలోనే అయినా, దాని పిల్ల మొదటి రోజుల్లో బతకాలంటే కాస్త ఉప్పు కలిసిన నీరుండాలి. గుడ్లతో ఉన్న తల్లి రొయ్య దిగువకు పోవాలి, ఎదిగిన పిల్లలు ఎగువకు రావాలి. గేట్లు ఏ నెలలో, ఎంత ఎత్తున, ఎన్ని గంటలు తెరిచి ఉంచాలి? ఇంజనీరు ఒక్కడే చెప్పలేడు. చేపల శాస్త్రవేత్త ఒక్కడే చెప్పినా చాలదు, వరద లెక్క ఆయనకు తెలియదు. 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన బుడమేరు చివరికి వచ్చి కలిసేది ఈ కొల్లేరులోనే. ఆ నీరు ఉప్పుటేరు మీదుగా త్వరగా దిగకపోతే మునిగేది లంక గ్రామాలు.

2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. వాటి మీద బతికేవాళ్లు రేపు ఏం తినాలన్నది తేలకుండా కొట్టారు కాబట్టే గట్లు మళ్లీ లేచాయని నా నమ్మకం. ఆర్థికవేత్త, సామాజిక శాస్త్రవేత్త ముందునుంచీ కూర్చోవలసిన చోటు అది. తరాలుగా మావులు వేసి చేపలు పట్టి బతికిన వడ్డీ కులస్థులు కూడా అక్కడే కూర్చోవాలి. ఏ నీటికి ఏ చేప ఎక్కుతుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? వాళ్లను వివరాలు అడిగి పంపేస్తే సరిపోదు, అధ్యయనంలో జీతమిచ్చి భాగస్వాములను చేయాలి.

మట్టం ఒక శాఖ దగ్గర, పక్షుల లెక్క ఒక శాఖ దగ్గర, చేపల దిగుబడి ఇంకో శాఖ దగ్గర ఉంటే ఏది దేనివల్ల జరిగిందో ఎలా తెలుస్తుంది? గూడబాతులు తగ్గిన ఏడాది నీటి మట్టమెంత, ఉప్పెంత, చెరువుల నుంచి వదిలిన మురుగెంత అన్నవి ఒకేచోట కనబడాలి.

మూడు శాఖలూ కలిసి ఒకే బృందాన్ని వేయండి. కనీసం ఐదేళ్లపాటు ఆగకుండా నిధులివ్వండి. కొలతలు నెలనెలా తెలుగులో పంచాయతీ కార్యాలయాల్లో అంటించండి. రెగ్యులేటర్ల నమూనా ఖరారు చేసేముందు ఆ బృందం మాట వినండి.

ఇట్లు,
కొల్లేరు తీరవాసి