పాపాయి విమానం ఎక్కుతోందా? నిద్రమందు మాత్రం వద్దు

ఆమధ్య ఒకరోజు ఓ.పి. ముగిసే వేళకు ఒక పెద్దావిడ, ఆమె కూతురు, కూతురి చంకలో 14 నెలల పాప వచ్చారు. పాపకు జబ్బేమీ లేదు. బుగ్గలు నిండుగా ఉన్నాయి. నా స్టెతస్కోపు లాక్కుని నోట్లో పెట్టుకుంది కూడా. పెద్దావిడే మాట్లాడింది.

"డాక్టరుగారూ, వచ్చే బుధవారం అమ్మాయి పాపను తీసుకుని అమెరికా వెళుతోంది. అల్లుడు డల్లాస్‌లో ఉన్నాడు. పాపకు నిద్రపట్టే మందు ఏదన్నా రాసివ్వండి. ఎక్కేముందు ఒక చెంచా, మధ్యలో ఒక చెంచా పోస్తే దిగేదాకా పడుకుంటుందట. మా వీధిలోవాళ్ళు అలాగే తీసుకెళ్ళారు."

నేను రాయనన్నాను. పెద్దావిడ ముఖం చిన్నబుచ్చుకుంది. కూతురు మాత్రం మెల్లగా అసలు సంగతి చెప్పింది. "హైదరాబాదు నుంచి దోహాకు నాలుగు గంటలు, అక్కడినుంచి డల్లాస్‌కు దాదాపు పదహారు గంటలు. నేనొక్కదాన్నే. ఇది గుక్కపెట్టి ఏడిస్తే చుట్టూ ఉన్నవాళ్ళు ఏమనుకుంటారోనని భయంగా ఉంది సార్."

చూశారా, మందు కావలసింది పాపకు కాదు. పక్కసీట్లవాళ్ళ చూపులకు! ఈ ప్రశ్న ఏటా సెలవుల ముందు నన్ను చాలామంది అడుగుతున్నారు. కనుక ఈ వారం దీని గురించే రాస్తున్నాను.

ముందుగా నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. 2003లో మా అమ్మాయికి మూడేళ్ళు. ఢిల్లీలో పెళ్ళికి బేగంపేట నుంచి విమానంలో బయలుదేరాం. మా ఇంట్లో అందరికీ అదే మొదటి విమాన ప్రయాణం. పిల్లకు రెండురోజులుగా పడిశం, ముక్కు దిబ్బడ. నేను డాక్టర్ని కదా! జలుబు సిరప్ ఒక మోతాదు పోశాను. జలుబూ తగ్గుతుంది, నిద్రా పడుతుంది, ఒక దెబ్బకు రెండు పిట్టలు అనుకున్నాను. విమానం లేవకముందే నిద్రపోయింది. "చూశావా" అన్నట్టు మా ఆవిడ వైపు చూశాను కూడా. ఢిల్లీ ఇంకో పావుగంట ఉందనగా పిల్ల చెవి పట్టుకుని కేక పెట్టి లేచింది. ఆ ఏడుపు నేల మీదికి దిగాక కూడా ఆగలేదు. ఆ రాత్రి దిండు మీద నెత్తుటి చారతో నీళ్ళలాంటి చీము కనిపించింది. కర్ణభేరికి చిల్లు పడింది. మూడువారాల్లో అదే మూసుకుపోయింది, వినికిడికి లోటు రాలేదు. కాని "మీరు డాక్టరేనా?" అని ఆ రాత్రి మా ఆవిడ అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

నేను చేసిన పొరపాట్లు రెండు. జలుబుతో ఉన్న పిల్లను విమానం ఎక్కించడం ఒకటి. దిగే సమయంలో నిద్రలో ఉండేట్టు చేయడం రెండోది. ఇది ఎందుకు పొరపాటో తెలియాలంటే చెవి సంగతి కొంచెం తెలుసుకోవాలి.

మన కర్ణభేరి వెనుక చిన్న గది ఉంది. దాన్నిండా గాలి ఉంటుంది. ఆ గదికీ, ముక్కు వెనుక భాగానికీ మధ్య సన్నని గొట్టం ఒకటి ఉంది. దాన్ని యూస్టేషియన్ నాళం అంటారు. మామూలుగా అది మూసుకునే ఉంటుంది. గుటక వేసినప్పుడు, ఆవలించినప్పుడు ఒక్క క్షణం తెరుచుకుని, బయటి గాలికీ లోపలి గాలికీ ఒత్తిడి సమానం చేస్తుంది.

విమానం 35,000 అడుగుల ఎత్తున పోతున్నా, లోపల మనకు అంత ఎత్తు తెలియదు. యంత్రాలతో గాలిని నింపి, సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున ఉండే ఒత్తిడిని నిలుపుతారు. ఊటీ ఎత్తు సుమారు 7,350 అడుగులు. అంటే విమానం అరగంటలోపే మనల్ని ఊటీకి ఎక్కించి, చివర మరో అరగంటలో కిందికి దింపుతుందన్నమాట. ఎక్కేటప్పుడు చెవిలోని గాలి వ్యాకోచించి తనంతట తానే బయటికి పోతుంది. పెద్దగా బాధ ఉండదు. చిక్కల్లా దిగేటప్పుడే. బయట ఒత్తిడి పెరుగుతుంది, ఆ గాలి లోపలికి పోవాలి. నాళం తెరుచుకోకపోతే కర్ణభేరి లోపలికి గుంజుకుపోతుంది. అదే పోటు.

మీరు విమానంలో ఉండగా ఖాళీ అయిన నీళ్ళసీసాకు మూత గట్టిగా బిగించి సంచిలో వేసుకోండి. దిగాక తీసి చూస్తే ఎవరో పిడికిలితో నొక్కినట్టు సొట్టలు పడి ఉంటుంది. నాళం తెరుచుకోని చెవిలో జరిగేదీ అదే.

పసిపిల్లల్లో ఈ నాళం పొట్టిగా, సన్నగా, పెద్దవాళ్ళకంటే అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే దాని లోపలి పొర వాచి ఇంకా మూసుకుపోతుంది. ఇక నిద్రలో మనం గుటకలు వేసేది చాలా తక్కువ. కనుక నిద్రమందు పోసి పడుకోబెట్టిన పిల్ల, సరిగ్గా గుటకలు అవసరమైన అరగంటలో గుటక వేయదు. ఏడ్చే పిల్ల నయం సుమా! ఏడ్చేటప్పుడు మధ్యమధ్య గుటక వేస్తుంది, నాళం తెరుచుకుంటుంది. 

ఇది చెవి సంగతి. ప్రాణానికి సంబంధించిన సంగతి వేరే ఉంది. మందుల షాపుల్లో "నిద్ర సిరప్" అని చేతికిచ్చేవి ఎక్కువగా పాతకాలపు ఎలర్జీ మందులు. వాటిలో ప్రోమెథజైన్ ఒకటి. రెండేళ్ళలోపు పిల్లల్లో ఇది ఊపిరిని అణచివేసి మరణాలకు కారణమైనందువల్ల, ఆ వయసువారికి ఇవ్వనేకూడదని 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మందు పత్రం మీద గట్టి హెచ్చరిక వేయించింది. మన దేశంలోనూ క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందులను నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని సీసాల మీద రాయాలంటూ 2023లో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆదేశించారు. నేను 2003లో మా అమ్మాయికి పోసింది ఇంచుమించు ఇదే. పైగా విమానంలో ప్రాణవాయువు నేల మీదకంటే తక్కువగా అందుతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ దాన్ని ఇట్టే తట్టుకుంటుంది. ఊపిరి మందగించే మందు వేసిన బిడ్డ తట్టుకుంటుందో లేదో 35,000 అడుగుల ఎత్తున పరీక్ష చేసి చూస్తామా? ఇంకో చోద్యం ఏమిటంటే, కొందరు పిల్లలకు ఈ మందులు నిద్ర తేవు. రెట్టింపు చిరాకు తెచ్చి సీట్లన్నీ ఎక్కించి తొక్కిస్తాయి.

మరి ఏం చేయాలి? చెప్పడానికి చాలా తేలిక. బిడ్డ ఆకలిని దాచి ఉంచండి. విమానం దిగడానికి గంటన్నర ముందునుంచి పాలు పట్టకుండా ఆపండి. దిగడానికి సుమారు అరగంట ఉందనగా విమానం కిందికి రావడం మొదలవుతుంది. బెల్టులు పెట్టుకోమని చెప్పే లోపే ఒక్కోసారి మొదలవుతుంది. కనుక ఎయిర్‌హోస్టెస్‌ను ముందే అడిగి ఉంచుకోండి. నిద్రపోతుంటే మెల్లగా లేపండి. "లేపితే ఏడుస్తుందండీ" అంటారా? ఏడవనివ్వండి. అప్పుడు చనుపాలు ఇవ్వండి, లేదా సీసా పాలు, స్ట్రా ఉన్న కప్పుతో నీళ్ళు. తల ఎత్తుగా పెట్టి పట్టండి. వెల్లకిలా పడుకోబెట్టి వద్దు. ఒక్కసారిగా తాగించేయకుండా, నేల తాకేదాకా కొద్దికొద్దిగా సాగనివ్వండి.

చాలామంది పిప్పరమెంటు బిళ్ళలు చేతిలో పెడతారు. నాలుగేళ్ళలోపు పిల్లలకు గట్టి బిళ్ళలు, వేరుశనగలు వద్దు. విమానం కుదిపితే గొంతులో అడ్డుపడతాయి. చెవిలో దూది పెట్టడం వల్ల ఏమీ ఒరగదు. ఒత్తిడి దూదికి ఆగదు. నూనె చుక్కలు అసలు పోయవద్దు. వేడినీళ్ళు చల్లిన కాగితం ఉన్న కప్పును చెవికి ఆనించమని కొందరు చెబుతారు. దానివల్ల చెవి తెరుచుకోవడం సంగతి ఎలా ఉన్నా, చర్మం బొబ్బలెక్కడం మాత్రం ఖాయంగా జరగవచ్చు.

జలుబు కొద్దిగా ఉంటే ఉప్పునీటి ముక్కుచుక్కలు దిగే ముందు వేసి చీమిడి తీసేయండి. జ్వరం, చెవిపోటు, ఆయాసం ఉంటే మాత్రం టికెట్టు మార్చుకోండి. డబ్బు పోతుందని నాకు తెలుసు. అందుకే టికెట్టు కొనేటప్పుడే తేదీ మార్చుకునే వీలుందో లేదో చూడమంటాను. చెవి ఎప్పుడూ కారే పిల్లల తల్లులు మరీ భయపడతారు. కర్ణభేరికి చిల్లు ఉన్న చెవికి ఈ పోటు రాదు, గాలి ఆ దారినే అటూ ఇటూ పోతుంది! చిల్లుకు వైద్యం వేరే చేయించుకోవాలనుకోండి. నెలలు నిండకుండా పుట్టి ఊపిరితిత్తుల జబ్బు ఉన్న పిల్లలు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, బాగా రక్తం తక్కువైనవాళ్ళు మాత్రం తమను చూసే డాక్టర్ని అడక్కుండా ఎక్కకూడదు.

పోటు వస్తుందని భయమున్నా, చెవి నొప్పి మొదలైనా పారాసిటమాల్ ఇవ్వవచ్చు. కిలో బరువుకు 15 మిల్లీగ్రాములకు మించవద్దు. పది కిలోల పిల్లకు 150 అన్నమాట. ఇక్కడ ఒక చిక్కుంది. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉండవచ్చు. సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 125 ఒకదానిలో, 250 మరొకదానిలో. చీకట్లో, కంగారులో సీసా మారితే మోతాదు మారిపోతుంది. కనుక ఒకే సీసా పెట్టుకుని, ఎన్ని మిల్లీలీటర్లో ఇంట్లోనే చీటీ రాసి దానికి అతికించండి.

రెండు మూడేళ్ళు దాటిన పిల్లలకు మందుకంటే మాట బాగా పనిచేస్తుంది. వారం ముందునుంచి ఇంట్లో కుర్చీలు వరసగా వేసి విమానం ఆట ఆడండి. తువ్వాలుతో బెల్టు కట్టండి. ఇంజను హోరుకు మిక్సీ చాలు! బొమ్మను బల్ల కిందనుంచి తోసి అవతలి వైపు అందుకోమనండి. ఎయిర్‌పోర్టులో తన ఎలుగుబంటి బొమ్మ యంత్రంలోకి పోతే పిల్లలు హడలిపోయి ఏడుస్తారు. అవతలివైపు వస్తుందని ముందే తెలిస్తే ఏడవరు. "చెవి టప్‌మంటుంది, అప్పుడు గుటక వేయాలి" అని నిజం చెప్పండి. ఏమీ కాదని అబద్ధం చెబితే, అది టప్‌మన్నప్పుడు మీమీద నమ్మకం పోతుంది. 

మిగతావి క్లుప్తంగా. రెండేళ్ళలోపు బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే, విమానంవాళ్ళు బిడ్డకు విడిగా చిన్న బెల్టు ఇస్తారు. అది అడిగి పెట్టించుకోండి. మీ బెల్టునే ఇద్దరికీ కలిపి బిగిస్తే, కుదుపుకు మీ బరువు బిడ్డ పొట్ట మీద పడుతుంది. నడవ పక్కన బిడ్డ చేతులు ఉండనివ్వకండి, వేడి టీ బండి అటే పోతుంది. పాలు, పిల్లల ఆహారం ప్రయాణానికి సరిపడా చేతి సంచిలో తీసుకుపోనిస్తారు, 100 మిల్లీలీటర్ల నిబంధన వాటికి వర్తించదు. లోపలి గాలి ఎడారిలా పొడిగా ఉంటుంది కనుక తరచు తాగించండి. తొమ్మిది నెలలకు వేసే తట్టు, రుబెల్లా టీకా వేయించారో లేదో కార్డు చూసుకోండి. మందులు, రెండు జతల బట్టలు పెద్ద పెట్టెలో పడేయకండి. రెండు జతలూ పిల్లకే కాదు, ఒక చొక్కా మీకూ. ఎందుకో ఎక్కాక తెలుస్తుంది.

ఇవన్నీ ఆ అమ్మాయికి ఒక కాగితం మీద రాసిచ్చాను. 

నిన్న పెద్దావిడ బి.పి. మాత్రల కోసం వచ్చింది. దోహాలో దిగేటప్పుడు పాప పాలు తాగుతూ కిటికీలోంచి లైట్లు చూసిందట. డల్లాస్‌లో మాత్రం లేపితే ఏడ్చిందట, కాని చెవి పట్టుకోలేదట. మధ్యలో సముద్రం మీద రెండు గంటలు ఊరుకోలేదట. పక్కసీటులో ఉన్న పెద్దమనిషి ఎవరో పాపను భుజాన వేసుకుని వెనక వంటగది దాకా అటూ ఇటూ తిప్పాడట.

"మీరు ఆ మందేదో రాసిచ్చి ఉంటే ఆయనకా శ్రమ తప్పేది" అంది పెద్దావిడ. బి.పి. 150/90 ఉంది. ఉప్పు తగ్గించమని చెప్పి, మళ్ళీ వారానికి రమ్మన్నాను.