మద్దెల మంచిదే

కిందటి ఆదివారం డాలస్ దగ్గర ఫ్రిస్కో నుంచి మా ఊరి కుర్రాడొకడు ఫోన్ చేశాడు. ఆఫీసులో పక్క సీటు ఆయన నవంబరులో జింకల వేటకు తోడు రమ్మన్నాడట. సరదాపడి తుపాకుల దుకాణానికి వెళ్తే అక్కడ మనవాడికి కళ్ళు తిరిగాయట. "అన్నా, ఒకటేమో నాలుగొందల యాభై డాలర్లు, దాని పక్కనే ఇంకోటి రెండువేలు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. చవకది కొంటే నవ్వరు కదా?" అని అడిగాడు.

"నవ్వరుగానీ, ముందు నీ వీసా సంగతి చెప్పు" అన్నాను.

ఈ ప్రశ్న చాలామంది మనవాళ్ళకు తట్టదు. హెచ్-1బి మీదో ఎఫ్-1 మీదో ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు కొన్నే. వాటిలో మనకు పనికొచ్చేది ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు. అందులోనూ ఒక మెలిక ఉంది. టెక్సస్‌లో 2019 నుంచి ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, అడవిపందిని కొట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. ఆ మాట పట్టుకుని వీసా మీద ఉన్నవాడు ఉత్త చేతులతో వెళ్ళి తుపాకి అందుకున్నాడంటే, పంది తప్పించుకున్నా తను తప్పించుకోలేడు. రాష్ట్రం అడగకపోయినా అతను లైసెన్సు కొనుక్కోవాల్సిందే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఈ పేచీ లేదు. ఇక 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళెవరైనా టెక్సస్‌లో వేటకు శిక్షణ తరగతి పూర్తిచెయ్యాలి. ఇవన్నీ తేలాకే తుపాకి బేరం.

బేరం దగ్గర నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి రైఫిల్ కొనేవాడు చవకదే కొనాలి. గతిలేక కాదు, తెలివుండి కొనాలి.

బోల్ట్ యాక్షన్ అంటే పెద్ద మాటలా వినిపిస్తుందిగానీ, అది మన తలుపు గడియే. పైకెత్తి వెనక్కి లాగితే కాల్చిన తూటా డొప్ప బయట పడుతుంది. ముందుకు తోసి కిందికి తిప్పితే కొత్త తూటా గొట్టంలోకి వెళ్ళి గడియ పడుతుంది. జర్మనీలో మౌజర్ 1898లో ఈ గడియకు ఇచ్చిన రూపమే ఆ తర్వాత వచ్చిన వేట రైఫిళ్ళలో చాలావాటికి మూలం. కదిలే భాగాలు తక్కువ, కాబట్టి చెడిపోయేవీ తక్కువే. నలుగురు వాడిన పాతదైనా నమ్మకంగా పనిచేస్తుందని ఈ రకానికి పేరు.

మరి చవకదంటే అనుమానం ఎందుకు? దానికో కథ ఉంది. 1936లో వచ్చిన విన్‌చెస్టర్ మోడల్ 70 అమెరికన్ వేటగాళ్ళకు ఇంటి దేవుడు. 1964లో కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి దాని తయారీ మార్చింది. పనితనం తగ్గిందని జనం ఎంత మండిపడ్డారంటే, ఇవాళ్టికీ పాత తుపాకులు అమ్మేచోట "64కు ముందుదా, తర్వాతదా" అన్నదే మొదటి ప్రశ్న. చవక చేస్తే చెడగొట్టినట్టే అన్న నమ్మకం అలా పాతుకుపోయింది.

అయితే అంతకు ఆరేళ్ళ ముందే, 1958లో, సావేజ్ కంపెనీ 110 అనే రైఫిల్‌తో ఇంకో దారి చూపించింది. తూటా గొట్టంలో వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. అందుకు ఒకప్పుడు చెయ్యి తిరిగిన పనివాడు గొట్టాన్ని కొంచెం కొంచెంగా కోసి సరిచేసేవాడు. సావేజ్ వాళ్ళు గొట్టానికి ఒక నట్టు పెట్టారు. లోపల కొలత ముక్క ఉంచి, అది తగిలేదాకా గొట్టం తిప్పి, నట్టు బిగిస్తే పని అయిపోయింది. ఖర్చు తగ్గింది, గురి తగ్గలేదు. 1962లో రెమింగ్టన్ 700 తుపాకి నడుం భాగాన్ని గుండ్రటి ఉక్కు కడ్డీ నుంచి లేతు మీద తీసే పద్ధతితో జనంలోకి వెళ్ళింది. 2011, 2012 నాటికి సావేజ్ యాక్సిస్, రూగర్ అమెరికన్ వచ్చాయి. రూగర్ దాన్ని మొదట ప్రకటించిన ధర 449 డాలర్లు. పిడి ప్లాస్టిక్‌దే, కానీ అందులో ఉక్కు దిమ్మెలు పొదిగి తుపాకి నడుం భాగాన్ని వాటి మీద కదలకుండా కూర్చోబెట్టారు. గొట్టం మాత్రం ఎక్కడా పిడికి తగలదు.

అంటే తగ్గించింది వాల్‌నట్ చెక్క, మెరుగు, గడియ జారుడులోని నునుపు. తగ్గించనిది గొట్టం. పెళ్ళి కార్డు మీద బంగారు అక్షరాలు లేకపోతే విందు రుచి తగ్గుతుందా?

ఇప్పుడు లెక్క చూద్దాం. నచ్చే తూటా దొరికితే ఈ చవక రైఫిళ్ళు నూరు గజాల దూరంలో మూడు దెబ్బలను అంగుళం, అంగుళంన్నర వెడల్పులో పెట్టగలవు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాలు. మిగిలిన ఆరేడు అంగుళాలు ఎవరివి? మన ఊపిరివి, మన వేలువి, మన తొందరవి. రెండువేల డాలర్లు పోసినా ఆ ఆరేడు అంగుళాలు దుకాణంలో దొరకవు.

నా సంగతే చెబుతాను. మొదటి ఏడాది నా రైఫిల్ గుళ్ళు కాగితం మీద పేలాలు చల్లినట్టు పడేవి. తుపాకిని తిట్టాను, తూటా మార్చాను, అమ్మేద్దామని బేరం కూడా పెట్టాను. రేంజిలో ఒక పెద్దాయన నా అవస్థ చూసి, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి, గురి చూసే దుర్బిణి, అదే స్కోపు, దాని పట్టీల మీద పెట్టి తిప్పాడు. రెండు మరలు వదులు! బిగించింది నేనే. ఆడలేక మద్దెల ఓడన్న సామెత చిన్నప్పటి నుంచీ వింటున్నానుగానీ, అది నా కోసమే పుట్టిందని ఆ రోజు తెలిసింది.

అందుకే మా కుర్రాడికి వెయ్యి డాలర్లను పంచి చూపించాను. సగం రైఫిల్‌కు. మూడొందలు స్కోపుకూ దాని పట్టీలకూ. తుపాకితో పాటు అంటగట్టే స్కోపుల్లో కొన్ని మసకగా ఉంటాయి. తెల్లవారుజామునా, మునిమాపునా జింక కనిపించే వేళకే అవి చేతులెత్తేస్తాయి. మిగిలింది తాళం పెట్టెకూ తూటాలకూ. టెక్సస్‌లో పదిహేడేళ్ళు నిండని పిల్లల చేతికి నిండు తుపాకి అందేలా వదిలెయ్యడం నేరం. గడియ తుపాకికి ఇక్కడో సుగుణం ఉంది: గడియ ఊడదీసి వేరే చోట దాచేస్తే మిగిలేది ఇనప గొట్టమే.

వేటకూ, గురి ఆటకూ ఒకటే కావాలంటే రాజీ తప్పదు. సన్నటి గొట్టం మోయడానికి తేలిక, కానీ వరుసగా నాలుగైదు పేలిస్తే కాగిపోయి దెబ్బ జరుగుతుంది. లావు గొట్టం రోజంతా కాల్చినా నిలకడగా ఉంటుంది, కొండెక్కేటప్పుడు మాత్రం భుజం లాగేస్తుంది. మధ్యరకం తీసుకుని, రెండు దెబ్బలకు మధ్య చల్లారనివ్వడం మేలు. తూటా విషయంలో మగతనం చూపించుకోవద్దు. మ్యాగ్నమ్ అన్న పేరు చూసి మోజుపడితే, భుజం మీద తన్నే తన్నుకు రెండోసారి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్ళు మూతపడతాయి. 1952 నాటి 308 విన్‌చెస్టర్ ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. 2007లో గురి పోటీల కోసం పుట్టిన 6.5 క్రీడ్‌మోర్ తన్ను అంతకన్నా తక్కువ, రెండు పనులకూ పనికొస్తుంది. ఉంటున్న రాష్ట్రం చట్టం కూడా చూసుకోవాలి. కాలిఫోర్నియాలో వేటకు సీసం తూటాలు నిషేధం. ఒహాయోలో జింకల వేటకు సన్నటి మెడ ఉన్న ఈ తూటాలు కుదరవు, నిటారు డొప్పవే వాడాలి.

ఈ వేట తూటాల్లో ఒక్కోటి డాలరు పైమాటే. కాబట్టి సాధనంతా వాటితోనే చెయ్యనక్కర్లేదు. 22 గడియ రైఫిల్ ఒకటి అరువు తెచ్చుకున్నా చాలు, ఒక డాలరుకు పది దాకా పేల్చుకోవచ్చు. ఊపిరి, వేలు నేర్చుకునే పాఠం అక్కడా ఇదే.

ఇంటి దగ్గర ఇది చదివి ఉత్సాహపడేవారికి ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వేటకు తలుపు మూసేసింది, మిగిలింది గురి ఆట ఒక్కటే. ఇక్కడ వేట సాగుతోందంటే ఊరికే సాగడం లేదు. 1937 చట్టం ప్రకారం రైఫిళ్ళ మీద, తూటాల మీద తయారీదారు కట్టే పదకొండు శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకే పోతుంది. మా కుర్రాడు చవక రైఫిల్ కొన్నా అందులో జింక వాటా ఉంటుంది.

అంతా విని, "మరి నేను ఎంత దూరం నుంచి కొట్టొచ్చన్నా?" అన్నాడు. మంచి ప్రశ్న. కంపెనీ కాగితంలో దానికి జవాబు ఉండదు. "ఒక పేపరు ప్లేటు నిలబెట్టు. బల్ల మీద ఆనించకుండా, అడవిలో కూర్చున్నట్టే నేల మీద కూర్చుని అయిదు పేల్చు. అయిదూ ప్లేటులో పడిన దూరమే నీ దూరం. ఒక్కటి బయట పడినా ఇంకో పాతిక గజాలు దగ్గరకు జరుగు. అక్టోబరు ఆఖర్లో ఆ ప్లేటు ఫొటో నాకు పంపు."

"రైఫిల్ ఫొటో వద్దా?" అన్నాడు.

వద్దన్నాను.

— పరదేశి