ఒక్క గిరాకీకి బందీలు

మార్కెటింగ్ నేర్పుతామంటూ హోటల్ హాళ్ళలో మైకు పట్టుకుని అరిచే వక్తలారా, కాసేపు ఆ చప్పట్లు ఆపించండి. అద్దంలో చూసుకుని గెలుస్తానని పదిసార్లు అనుకోమంటారు, నవ్వుతూ అమ్మమంటారు, దానికి వేలకు వేలు ఫీజు గుంజుతారు. మీలో ఎంతమంది సిరిసిల్ల బీవై నగర్ సందుల్లో నడిచారు? మీ స్లైడ్లలో ఎక్కడా దొరకని పాఠం అక్కడ ఆగిపోయిన సాంచాల (మరమగ్గాల) మీద దుమ్ము పట్టి ఉంది. ఒక్క గిరాకీ మీద బతికేవాడు వ్యాపారి కాడు. బందీ.

సిరిసిల్లలో పాతిక వేలకు పైగా సాంచాలున్నాయి. నూలు పెట్టే సేటు, నాలుగు సాంచాలు వేసుకుని కూలికి నేసిచ్చే ఆసామి, రాత్రింబవళ్ళు వాటి ముందు నిలబడే కార్మికుడు. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు తెచ్చింది. ఏటా కోటికి అటూ ఇటూగా చీరలు, వందల కోట్ల రూపాయల పని. అంతకు ముందు ఆత్మహత్యలతోనే పేపర్లకెక్కిన ఊరికి నెలల తరబడి పని దొరికింది, పొయ్యి వెలిగింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాణ్ణి నేను కాదు. కానీ ఏడు బతుకమ్మలు గడిచాయి. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. ఆర్డరు ఆగింది. బకాయిలు నిలిచిపోయాయి. 2024లో సాంచాలు మూగబోయాయి, చావు వార్తలు మళ్ళీ మొదలయ్యాయి. 2025లో ఇందిరా మహిళా శక్తి చీరలు వచ్చాయి, గండం గట్టెక్కిందని సంబరపడ్డారు. ఏం గట్టెక్కింది? చీర పేరు మారింది. కొనేది మళ్ళీ సర్కారే.

ఇందులో కార్మికుడి తప్పేముందని వెతికేవాడితో నాకు మాటల్లేవు. నూలు అతనిది కాదు, రంగు అతనిది కాదు, ధర అతని చేతిలో లేదు. నేను నిలదీసేది ఆ ఏడేళ్ళూ లాభం చూసిన సేట్లను, లెక్కలు రాసిన ఆఫీసర్లను, నేతన్న పేరు చెప్పి ఓట్లడిగిన అన్ని పార్టీల నాయకులను. పని గ్యారంటీగా ఉన్న ఆ రోజుల్లోనే నాలుగో వంతు సాంచాలను బయటి మార్కెట్టుకు ఎందుకు మళ్ళించలేదు? సిరిసిల్ల చీర ఇదీ అని అడిగి కొనుక్కునే ఒక్క పేరునైనా షాపుల్లో ఎందుకు నిలబెట్టలేదు? మొదటి ఏడాదే చాలాచోట్ల ఆడవాళ్ళు ఆ చీరలను రోడ్డు మీద పోసి తగలబెట్టారు. వాటిలో సూరత్ నుంచి తెప్పించినవీ ఉన్నాయి, నిజమే. కానీ డబ్బు కట్టేది ఒకరు, చీర కట్టుకునేది ఇంకొకరు అయినచోట, కట్టుకునే మనిషి నోరు విప్పి చెప్పిన మాటకన్నా విలువైన మార్కెట్ సర్వే ఉంటుందా? దాన్ని రాజకీయమని కొట్టిపారేసినవాళ్ళే ఈ ఊరి వ్యాపారాన్ని సగం చంపారు.

చేతిపని లేదా? అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరిది. ఇక్కడి నేతన్న జీ-20 చిహ్నాన్ని మగ్గం మీద నేసి పంపితే 2022 నవంబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పారు. అందరూ శాలువా కప్పి ఫొటో దిగారు. శాలువా ఆర్డరు కాదు. మర్నాడు పది పెద్ద షాపులకు ఫోను చేసి నమూనా పంపినవాడు ఎవడు?

జగిత్యాల, కోరుట్ల పాఠకులారా, ఇది నేతవాళ్ళ గొడవ అని పేజీ తిప్పకండి. 2019లో మీ రెండు నియోజకవర్గాలూ ఉన్న నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 185 మంది బరిలో నిలిస్తే, అందులో నూట డెబ్బైకి పైగా పసుపు బోర్డు అడుగుతూ నిలబడ్డ రైతులే. ఆ తెగువకు దండం పెడతాను. 2025 జనవరిలో పసుపు బోర్డు మొదలైంది కూడా. కానీ బోర్డు మీ తరఫున బేరమాడదు. మనం బోర్డు కోసం ధర్నాలు చేస్తున్న రోజుల్లోనే 2018లో సాంగ్లీ, 2019లో ఈరోడ్ తమ పసుపుకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాయి. మందుల కంపెనీ పసుపులోని కుర్కుమిన్ శాతం చూసి ధర కడుతుంది. మన రైతు కొమ్మును మాత్రం యార్డులో విరిచి చూసి ధర కడతారు. ఎన్ని రైతు సంఘాల చేతిలో ల్యాబ్ పరీక్ష కాగితం ఉంది? చల్‌గల్ మార్కెట్లో లారీ ఎక్కిన మామిడి ఉత్తరాదికి చేరేసరికి జగిత్యాల పేరు పెట్టెమీద ఎందుకు ఉండదు? పేరు లేని సరుకుకు ధర పెట్టేది ఎప్పుడూ అవతలివాడే.

ఇక నువ్వు, ఎంబీయే చదివిన తమ్ముడూ. 1960లో థియోడర్ లెవిట్ రాసిన మార్కెటింగ్ మయోపియా వ్యాసం నీ సిలబస్‌లో ఉంది. మార్కులూ వచ్చాయి. కానీ కోరుట్ల కిరాణా షాపులో ఉద్దెర ఖాతా ఎలా తిరుగుతుందో నీకు తెలియదు. సరుకు అమ్మడం సగం పనే, డబ్బు వసూలైతేనే అమ్మకం. రిజిస్టరైన చిన్న పరిశ్రమ దగ్గర సరుకు కొన్నవాడు 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలని, దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ ఇవ్వాలని 2006 నుంచీ చట్టం ఉంది. ఎప్పుడైనా ఒక ఆసామి పక్కన కూర్చుని ఆ చట్టం కింద ఫిర్యాదు రాసిపెట్టావా? అది చెయ్యి. నీ బయోడేటాలో పది సర్టిఫికెట్లకన్నా ఆ ఒక్క వాక్యం బరువైనది.

ఎందుకంటే నీదీ అదే ఒక్క గిరాకీ రోగం. గల్ఫ్‌లో ఒక్క కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) చేతిలో బతుకు పెట్టినవాళ్ళ కష్టం మన ప్రతి ఊరికీ తెలుసు. ఏసీ గదిలో కూర్చున్నావు కాబట్టి నువ్వు వేరనుకుంటున్నావు. ఒకే కంపెనీ, ఒకే బాసు, ఆ ఆఫీసు గేటు దాటితే ఎక్కడా చెల్లని ఒకే పని. బాసు మారిన రోజు నీ సాంచా కూడా ఆగుతుంది. అందుకే మొదటి రెండేళ్ళు ఎండలో తిరుగు. నీ సరుకు తయారీ ఖర్చు పైసలతో సహా నేర్చుకో. ఏ నెల ఎంత అమ్మావో, ఎంత వసూలు చేశావో అంకెల్లో రాసి పెట్టుకో. కంపెనీని కాక నిన్ను నమ్మే మనుషులను సంపాదించు.

వ్యాపారులారా, ఇప్పుడు మీ అమ్మకాల పుస్తకం తెరవండి. అందరికన్నా ఎక్కువ కొనే గిరాకీ వాటా నాలుగో వంతు దాటిందా? అయితే రేపటి నుంచి మీ మొదటి పని వాళ్ళను మెప్పించడం కాదు, రెండో గిరాకీని వెతకడం. ఆర్డరు నిండుగా ఉన్నప్పుడే వెతకండి. ఖాళీ చేతులతో వెళ్ళినవాడికి ఏ మార్కెట్టూ మంచి ధర ఇవ్వదు.