జవాను వైకల్య పింఛను: దెబ్బ ఎంతన్నది కాదు, బోర్డు ఏమి రాసిందన్నదే లెక్క

సైన్యంలో దెబ్బ తగిలో, జబ్బు చేసో యింటికి చేరిన జవాన్లు మన జిల్లాలో తక్కువేమీ లేరు. తాడేపల్లిగూడెం వద్దనున్న మాధవరాన్ని ‘మిలిటరీ మాధవరం’ అనే పిలుస్తారంటే యిక్కడి గ్రామాలకు సైన్యంతో వున్న బంధం అర్థమవుతుంది. అయితే యిలా వచ్చినవారికి అందే వైకల్య పింఛను సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు, ఒకే రకం మోకాలి దెబ్బ వున్న యిద్దరిలో ఒకరికి వస్తుంది, మరొకరికి రాదు. రానివాడు పైరవీ లేకనే రాలేదనుకుంటాడు. నిజానికి తేడా అంతా పంపించే ముందు మెడికల్ బోర్డు రాసిన కాగితంలోనే వుంటుంది.

ఆ కాగితంలో చూడవలసినవి రెండు. మొదటిది, దెబ్బ గాని జబ్బు గాని సైనిక సేవ వల్ల వచ్చిందా, లేక ముందే వున్నది సేవ వల్ల ముదిరిందా అన్నది. రెండవది, వైకల్యం నూటికి ఎంత అన్నది. మొదటి దానికి ‘అవును’ అని, రెండవ దానికి 20 శాతం గాని అంతకు మించి గాని రాస్తేనే పింఛనుకు దారి. సేవ వల్ల రాలేదు, ముదరనూ లేదు అని రాస్తే దానిని యింగ్లీషు పొడి అక్షరాలలో ‘నానా’ అంటారు. ఆ నాలుగక్షరాల ముక్క పడిన తర్వాత జవాను పడేవి కూడా నానా తంటాలే.

ఇక డబ్బు లెక్క. పింఛనులో రెండు భాగాలుంటాయి. ఒకటి సర్వీసు భాగం, రెండవది వైకల్య భాగం. వైకల్యం వల్ల మధ్యలోనే పంపివేయబడిన జవాను ఆఖరి జీతం, మిలిటరీ సర్వీసు పే కలుపుకుని, నెలకు 40,000 రూపాయలనుకుందాం. సర్వీసు భాగం అందులో సగం, అంటే 20,000. వైకల్య భాగం నూటికి నూరు శాతం వైకల్యమున్నవారికి జీతంలో 30 శాతం, అంటే 12,000. వైకల్యం తగ్గితే ఆ మేరకు యిదీ తగ్గుతుంది. 30 శాతం వైకల్యమైతే 3,600 వస్తుందన్న మాట.

కాని కథ అక్కడితో ఆగదు. 1996 జనవరి 1 నుంచి వర్తించేలా ప్రభుత్వం ఒక సదుపాయం కల్పించింది. 50 శాతం లోపు వైకల్యాన్ని 50గాను, 50 నుంచి 75 వరకు వుంటే 75గాను, ఆ పైన వుంటే 100గాను లెక్కకట్టాలి. దాని ప్రకారం మన జవానుకు 3,600 బదులు 6,000 రావాలి. నెలకు 2,400, ఏడాదికి 28,800 తేడా. దీనిపై కరువు భత్యం అదనం. కౌలు చేసుకునే కుటుంబానికి యిది చిన్న మొత్తం కాదు. తొలుత యీ సదుపాయం వైకల్యం కారణంగా మధ్యలో పంపివేయబడినవారికే యిచ్చారు. సర్వీసు పూర్తి చేసుకుని వైకల్యంతో దిగినవారికి కూడా యివ్వవలసిందేనని సుప్రీంకోర్టు 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో తేల్చింది. పాత పింఛనుదారులు తమ పింఛను ఉత్తర్వు తీసి, వైకల్య శాతం ఎదురుగా ఏ అంకె వేశారో ఒకసారి చూసుకోవాలి.

యుద్ధంలోనో, శత్రువు కాల్పులలోనో గాయపడినవారి లెక్క వేరు. నూరు శాతం వైకల్యంతో పంపివేయబడితే వారికి 30 శాతం బదులు జీతంలో నూటికి నూరూ యుద్ధ గాయం భాగంగా లెక్కిస్తారు. గాయపడినా సర్వీసులో కొనసాగి తర్వాత దిగినవారికి యిది 60 శాతం.

‘నానా’ పడినవారి విషయానికి వస్తే 2013 జూలైలో ధర్మవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు యిచ్చిన తీర్పు వారికి పెద్ద అండ. ఆయన 1985లో సైన్యంలో చేరి, 1994లో మూర్ఛవ్యాధి కారణంగా 20 శాతం వైకల్యంతో పంపివేయబడ్డారు. జబ్బు సేవ వల్ల రాలేదని బోర్డు రాసింది. చేరేటప్పుడు పరీక్షించి ఆరోగ్యవంతుడని తీసుకున్నప్పుడు, ఆ జబ్బు ముందునుంచీ వుందని కాగితాలలో ఎక్కడా రాయనప్పుడు, అది సేవలోనే వచ్చిందని భావించాలని కోర్టు చెప్పింది. కాదనదలిస్తే కారణాలు బోర్డే చూపాలి, జవాను రుజువు చేయనక్కరలేదు. న్యాయంగా చూస్తే యిది మొదటినుంచీ అలాగే వుండవలసింది. పశువును కొనేటప్పుడు పళ్ళు పట్టి చూసుకున్నవాడు, పదేళ్ళు దున్నించుకున్నాక యిది పుట్టు కుంటిదంటే ఎవరు ఒప్పుకుంటారు?

అలాగని ప్రతి దెబ్బకూ వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. సెలవులో వూరికి వచ్చి స్కూటరు ప్రమాదంలో గాయపడిన ఒక జవాను కేసులో, ఆ దెబ్బకు సైనిక సేవతో సంబంధం లేదని సుప్రీంకోర్టు 2011లో పింఛను నిరాకరించింది. మరో సంగతి. 2023 సెప్టెంబరు 21న రక్షణ శాఖ కొత్త అర్హత నిబంధనలు తెచ్చింది. కొన్ని జబ్బుల విషయంలో షరతులు బిగిశాయి. అవి ఆ తేదీ తర్వాత దిగినవారికే వర్తిస్తాయి గనుక పాతవారు కంగారు పడనక్కరలేదు.

ఈ నిబంధనలకు ముందు అదే ఏడాది వెలువడిన కాగ్ నివేదిక ఒక విషయం బయటపెట్టింది. 2015-16 నుంచి 2019-20 వరకు రిటైరైన ఆఫీసర్లలో ఏటా 36 నుంచి 40 శాతం మందికి వైకల్య పింఛను లభించగా, కింది ర్యాంకులలో 15 నుంచి 18 శాతం మందికే లభించింది. వయసు వంటి కారణాలు కొంత వుండవచ్చు. కాని బోర్డు కాగితం చదవడం వచ్చినవాడికీ, చూపిన చోట సంతకం పెట్టి వచ్చినవాడికీ గల తేడా కూడా యిందులో వుందని యీ విలేఖరి అభిప్రాయం.

ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే ఆరు నెలల లోపు మొదటి అప్పీలు చేసుకోవాలి. అదీ కాదంటే రెండవ అప్పీలు, ఆ తర్వాత సైనిక బలగాల ట్రిబ్యునల్. మన రాష్ట్రం చెన్నై బెంచి కిందకు వస్తుంది. బోర్డు కాగితాలు పోగొట్టుకున్నవారు సమాచార హక్కు చట్టం కింద నకళ్ళు కోరవచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అర్జీ రాయడానికి సాయం చేస్తారు. ఆలస్యం మాత్రం తగదు. 1983లో పంపివేయబడిన తర్సేమ్ సింగ్ 1999లో గాని కోర్టుకు వెళ్ళలేదు. 2008లో సుప్రీంకోర్టు, కేసు వేయడానికి ముందు సుమారు మూడేళ్ళ బకాయితోనే సరిపెట్టింది. అంతకు ముందు సొమ్మంతా పోయినట్లే.

2022 నుంచి అగ్నివీరులుగా వెళ్ళినవారికి యీ నెలవారీ లెక్క వర్తించదు. సేవ కారణంగా వైకల్యం వస్తే 100, 75, 50 శాతాలకు వరుసగా 44, 25, 15 లక్షల రూపాయలు ఒకేసారి యిస్తారు. సొమ్ము పద్ధతి మారినా, బోర్డు కాగితంలో చూడవలసిన ఆ రెండు ముక్కలు మాత్రం వారికీ అవే.